లోచ్‌ల తొట్టి: అడుగు నుంచి పైకి

లోచ్ చేప బతుకంతా నీటి అడుగునే. నోరు కిందికి తిరిగి ఉంటుంది, చుట్టూ మీసాలుంటాయి. ఆ మీసాలతో ఇసుకను తడుముకుంటూ పురుగుల్నీ నత్తల్నీ ఏరుకు తింటుంది. తొట్టిలో మిగిలిపోయిన మేతా చేపల మలమూ చివరికి చేరేది కూడా ఆ అడుగుకే. అంటే మురికి చేరే చోటే ఈ చేప కాపురం. పైన నీళ్లు ఎంత తేటగా కనిపించినా, కింది రెండంగుళాల్లో ఏం జరుగుతోందన్న దాన్ని బట్టే దాని ఆయుష్షు. లోచ్‌ల కోసం పెద్ద అక్వేరియం కట్టించుకునేవాళ్లు ముందు అడుగు గురించి ఆలోచించి, ఆ తర్వాతే పైకి రావాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. వికారాబాద్ జిల్లా పరిగిలో ఉండి ఈ పనికి దిగితే ఇక్కడి బోరు నీళ్లు, రాళ్లు, కరెంటు, చలికాలం అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఏ లోచ్‌ను పెంచాలి?

దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది క్లౌన్ లోచ్. నారింజ రంగు ఒంటి మీద మూడు నల్లటి పట్టీలుంటాయి. ఇది సుమత్రా, బోర్నియో నదుల చేప. డచ్ శాస్త్రవేత్త బ్లీకర్ 1852లో దీన్ని వర్ణించాడు. కొనేటప్పుడు రెండంగుళాలుంటుంది. సరిగ్గా చూసుకుంటే ఏళ్ల మీద అడుగు పొడవు దాకా పెరగగలదు, ఇరవై ఏళ్లకు పైగా బతకగలదు. ఒంటరిగా ఉంచితే మూల పట్టి దాక్కుంటుంది. కనీసం ఆరింటిని కలిపి ఉంచాలి. రెండంగుళాల చేపను చూసి రెండడుగుల తొట్టి కొనడం ఎందుకు తప్పో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

మనకు దగ్గరి చుట్టం ఇంకొకటుంది. జీబ్రా లోచ్ అంటారు, శాస్త్రీయ నామం బోటియా స్ట్రయేటా. మైసూరు శాస్త్రవేత్త సి.ఆర్. నారాయణరావు 1920లో తుంగ నది నుంచి దీన్ని లోకానికి పరిచయం చేశారు. తుంగ పోయి తుంగభద్రలో, తుంగభద్ర పోయి కృష్ణలో కలుస్తాయి. ఇక మన వైపు చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాగ్నా తాండూరు మీదుగా పడమటికి పోయి భీమాలో, భీమా కృష్ణలో కలుస్తాయి. ఈ రెండింట్లో దేనిలో పడిన వాన నీళ్లయినా చివరికి చేరేది కృష్ణకే. నాలుగంగుళాలు దాటని ఈ చారల చేప ఆ కృష్ణమ్మ ఎగువ పాయలది.

అయితే ఇక్కడొక మాట సూటిగా చెప్పాలి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి జీబ్రా లోచ్‌ను అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో పెట్టింది. ఆవాసం చెడిపోవడం ఒక కారణమైతే, అక్వేరియాల కోసం పట్టి అమ్మడం మరొకటి. కాబట్టి అమ్మేవాడిని ముందు అడగాల్సింది ధర కాదు, అవి ఎక్కడివని. నదిలో పట్టినవైతే వద్దనండి. పెంపకం కేంద్రంలో పుట్టించినవని నమ్మకం కుదిరితేనే తీసుకోండి. లేదంటే ఇండోనేషియా, థాయ్‌లాండ్ కేంద్రాల్లో పుట్టించిన క్లౌన్ లోచ్‌లను ఎంచుకోవడం మేలు.

మూడోది మన చెరువుల్లో, ఇసుక వాగుల్లో ఉండే చిన్న లోచ్. లెపిడోసెఫాలిక్తిస్ థర్మాలిస్ దాని పేరు. వేలెడంత ఉంటుంది, బెదిరితే ఇసుకలోకి దూరి కళ్లు మాత్రమే పైకి పెడుతుంది. దీనికి ఆరడుగుల తొట్టి అక్కర్లేదు. కానీ దాన్ని చూస్తే లోచ్‌లకు మెత్తటి ఇసుక ఎంత అవసరమో ఇట్టే అర్థమవుతుంది.

ఎత్తు తొట్టి కాకుండా పొడుగు తొట్టి ఎందుకు?

లోచ్‌లు వాడుకునేది నేల. నాలుగడుగుల ఎత్తు తొట్టి చూపుకు బాగుండొచ్చు గానీ, పైనున్న మూడడుగుల నీళ్లు వాటికి దాదాపు దండగే. పైగా ఎత్తు పెరిగేకొద్దీ నీటి పైభాగానికీ అడుగుకూ దూరం పెరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్ నీళ్లలో కలిసేది పైభాగంలో, అది కావలసింది అడుగున. అందుకే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు క్లౌన్ లోచ్‌ల గుంపుకు మంచి మొదలు. ఎనిమిదడుగులు పెట్టగలిగితే ఇంకా నయం. జీబ్రా లోచ్‌లకైతే నాలుగడుగుల పొడవు చాలు.

బరువు ఎంత? మేడ మీద పెట్టొచ్చా?

ఆరు, రెండు, రెండు గుణిస్తే 24 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున నిండు తొట్టికి సుమారు 680 లీటర్లు. పైన కొంత ఖాళీ వదిలినా నీళ్లే 600 కిలోలు దాటతాయి. 12 ఎం.ఎం. అద్దాలు 120 కిలోల దాకా, రెండంగుళాల ఇసుక పరుపు 90 కిలోలు, ఆపైన రాళ్లు, స్టాండు. మొత్తం కలిపితే 850 కిలోలకు తక్కువ కాదు. ఇదంతా నిలబడేది 12 చదరపుటడుగుల మీద, అంటే ఒక చదరపు మీటరుకు కాస్త ఎక్కువ. మన దేశ ప్రమాణాల్లో ఇంటి గదుల స్లాబుకు వాడుక బరువు కింద లెక్కగట్టేది చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే 200 కిలోల చిల్లర. తొట్టి కింద పడే బరువు దానికి దాదాపు నాలుగు రెట్లు. అందుకే నేలమీద కట్టిన గదిలో పెట్టడమే మంచిది. మేడ మీదే తప్పదంటే బీము ఎక్కడుందో తెలిసిన ఇంజనీరును పిలిచి, గోడవారగా, బీముకు అడ్డంగా పెట్టించాలి. ఊహతో చేసే పని కాదిది.

స్టాండు నాలుగు మూలలా రసమట్టంతో సరిచూడాలి. తాండూరు నాపబండలు పరిచిన పాత ఇళ్లలో బండకూ బండకూ మధ్య ఎత్తుపల్లాలుంటాయి. ఒక మూల కొంచెం కిందికి దిగినా బరువంతా ఆ వైపు అద్దం అతుకు మీద పడుతుంది. ఫ్రేము లేని తొట్టయితే అడుగు అద్దానికీ స్టాండుకూ మధ్య అరంగుళం థర్మాకోల్ షీటు పరవాలి. ఇసుక రేణువంత ఎగుడు ఉన్నా అది సర్దుకుంటుంది.

ఇక్కడి రాళ్లు, ఇసుక పనికొస్తాయా?

కొన్ని పనికొస్తాయి. తాండూరు నాపరాయి మాత్రం వద్దు. అది సున్నపురాయి. నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి కఠినత్వాన్నీ, పీహెచ్‌నూ పైకి లాగుతుంది. మెత్తటి నీళ్లు కోరే క్లౌన్ లోచ్‌లకు అది పడదు. పలకలు తేలిగ్గా దొరుకుతాయి కదా, గుహలు కట్టడానికి భలే కుదురుతాయి కదా అనిపిస్తుంది. ఆ ఆశ వదులుకోవాలి. ఈ ప్రాంతపు నల్లరాయి, అంటే దక్కను బసాల్టు, మేలు. దాని సందుల్లో కూడా తెల్లటి కాల్సైటు చారలుండొచ్చు గనుక తెచ్చిన ప్రతి రాయి మీదా నిమ్మరసం గానీ వెనిగర్ గానీ చుక్కలు వేసి చూడండి. బుడగలొస్తే పక్కన పెట్టేయండి. ఇసుకకూ అదే పరీక్ష.

ఇల్లు కట్టడానికి వాడే రోబో ఇసుక వద్దే వద్దు. రాయిని పిండి కొట్టిన ఆ రేణువుల అంచులు వాడిగా ఉంటాయి. రోజంతా ఇసుకలో మూతి పెట్టే చేపకు మీసాలు అరిగిపోతాయి, ఆ గాయాల్లోకి సూక్ష్మజీవులు చేరతాయి. నదిలో దొర్లి నునుపైన ఇసుకను జల్లెడ పట్టి, నీళ్లు తేటపడేదాకా కడిగి వాడాలి. పెద్ద రాళ్లను ఇసుక మీద కాదు, ఇసుక వేయకముందే అడుగు అద్దం మీద, మధ్యలో పలుచటి ప్లాస్టిక్ జాలీ వేసి నిలబెట్టాలి. లోచ్‌లు రాళ్ల కింద తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఒకరోజు వాటి మీదే పడుతుంది.

ఫిల్టరు అసలు చేసే పని ఏమిటి?

వాగు ఎండినప్పుడు ఇసుకలో చెలమ తవ్వితే తేట నీళ్లు ఊరతాయి. ఆ ఇసుక రెండు పనులు చేస్తుంది. మురికిని పట్టి ఆపుతుంది, రేణువుల మీద పెరిగిన సూక్ష్మజీవులతో కరిగిన మాలిన్యాన్నీ తినిపిస్తుంది. ఫిల్టరు చేసేదీ ఈ రెండే, కాకపోతే వేగంగా. మొదటి పని కంటికి కనబడుతుంది గనుక అందరికీ తెలుసు. చేపల ప్రాణం నిలబెట్టేది రెండోది.

చేపల మొప్పల నుంచీ కుళ్లిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. ఒక తెగ బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. నైట్రోస్పైరా వంటి మరో తెగ దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు అంత ప్రమాదం కాదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియాకు కావలసినవి మూడే: అతుక్కోవడానికి చోటు, మేతగా అమ్మోనియా, ఊపిరికి ఆక్సిజన్.

బోరు నీళ్లు వాడేవాళ్లు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి తీవ్ర విషం, ఇంకొకటి అంత కాదు. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8కి పోతే నూటికి అయిదు దాటుతుంది. అంటే పరీక్ష కిట్‌లో ఒకే అంకె కనిపించినా బోరు నీళ్ల తొట్టిలో ప్రమాదం దాదాపు పది రెట్లు. మే నెల ఎండకు నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది.

ఏ ఫిల్టరు పెట్టాలి, ఎలా?

ఇంత పెద్ద తొట్టికి నా ఓటు సంపుకే. తొట్టి కింద స్టాండులో ఇంకో చిన్న తొట్టి పెడతారు. పై తొట్టి అంచు దాటిన నీళ్లు పైపు గుండా కిందికి దిగి, స్పాంజి అరలు, బ్యాక్టీరియా గూళ్లున్న అర దాటి చివరి అరకు చేరతాయి. అక్కడి పంపు మళ్లీ పైకి తోస్తుంది. గూళ్లకు సిరామిక్ రింగులు కొనొచ్చు. గిన్నెలు తోమే ప్లాస్టిక్ స్క్రబ్బర్లు గుత్తంగా తెచ్చి నింపినా బ్యాక్టీరియాకు తేడా తెలియదు. సబ్బు కలపనివి అయితే చాలు.

కంకర కింద సందులున్న పలక పరిచి నీళ్లు లాగే అండర్ గ్రావెల్ ఫిల్టరు మాత్రం లోచ్‌లకు పనికిరాదు. అది పనిచేయాలంటే ముతక కంకర కావాలి, లోచ్‌లకు కావలసింది మెత్తటి ఇసుక. సన్నని ఇసుక ఆ పలక సందుల్లోంచి జారి పోతుంది, పైన మిగిలింది గట్టిపడి నీటిని వదలదు.

సంపు ఎంత పెద్దది? కరెంటు పోగానే పంపు ఆగుతుంది, పైనున్న నీళ్లు కొన్ని కిందికి దిగుతాయి. ఆరడుగుల తొట్టిలో ఒక అంగుళం దిగితే అది కచ్చితంగా ఒక ఘనపుటడుగు, 28 లీటర్లు. రెండంగుళాలు దిగితే 56. సంపులో ఎప్పుడూ ఇంతకన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి, లేకపోతే హాలంతా నీళ్లు. పైకి నీళ్లు తెచ్చే పైపులో, నీటి మట్టానికి కొంచెం కింద చిన్న రంధ్రం వేయాలి. కరెంటు పోయినప్పుడు అందులోంచి గాలి దూరి నీళ్లు వెనక్కి లాగడం ఆగుతుంది. ఆ రంధ్రం నాచుతో మూసుకుపోకుండా నీళ్లు మార్చినప్పుడల్లా పుల్లతో గుచ్చి చూసుకోవాలి. కిందికి దిగే పైపులు రెండు పెట్టండి. ఒకటి నత్తతో మూసుకున్నా రెండోది ఆదుకుంటుంది.

పంపు పెట్టె మీద గంటకు 5,000 లీటర్లని రాసి ఉంటే, అది పైకి ఎత్తే పని లేనప్పటి లెక్క. నాలుగైదు అడుగులు ఎక్కించేసరికి అందులో మూడో వంతో సగమో పోతుంది. సంపు గుండా గంటకు తొట్టి నీళ్లకు నాలుగైదు రెట్లు, అంటే దాదాపు 3,000 లీటర్లు తిరిగేలా చూసుకోవాలి.

ఆ తిరుగుడు ఒక్కటే లోచ్‌లకు చాలదు. ఇవి పారే నీళ్ల చేపలు. జంతుశాస్త్ర సర్వే సంస్థకు చెందిన సుందర్‌లాల్ హోరా ప్రవాహానికి తట్టుకునేలా కొండవాగుల చేపల ఒళ్లు ఎలా మారాయో పరిశోధించి రాశారు. బల్లపరుపు పొట్ట, కిందికి వాలిన నోరు, నేలకు ఆనే రెక్కలు అలా వచ్చినవే. కాబట్టి తొట్టి ఒక చివర, అడుగుకు దగ్గరగా, ఇసుక ఎగరనంత ఎత్తులో ఒకటో రెండో పవర్‌హెడ్‌లు (నీళ్లను తోసే చిన్న పంపులు) పెట్టి నీళ్లను పొడవునా తోయాలి. దాంతో రెండు లాభాలు. అడుగుకు ఆక్సిజన్ అందుతుంది, మురికి కుప్పపడకుండా ఎదుటి చివరకు కొట్టుకుపోతుంది. సంపుకు నీళ్లు తీసే పైపును ఆ ఎదుటి చివరే పెట్టి, దాని ఒక నోరు అడుగు దాకా దించితే మురికి తనంతట తానే దారి పడుతుంది. లోచ్‌ల తొట్టిలో నేను అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది ఈ అమరికకే. నీళ్లు లాగే ప్రతి నోటికీ ముతక స్పాంజి తొడగాలి. సందు దొరికితే లోచ్ దూరకుండా ఉండదు. పైన మూత కూడా సందు లేకుండా ఉండాలి, ఇవి ఎగురుతాయి.

కరెంటు పోతే?

మే నెల గాలిదుమారాలకు కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. చేపలే కాదు, ఫిల్టరులోని బ్యాక్టీరియా కూడా దెబ్బ తింటుంది. మూసి ఉన్న క్యానిస్టర్ ఫిల్టరులో నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ అయిపోతుంది. సంపు తెరిచి ఉంటుంది గనుక తట్టుకుంటుంది. నేను దాన్నే ఎంచడానికి ఇదొక కారణం. ఇంటి ఇన్వర్టరుకు పెద్ద పంపు కలపక్కర్లేదు, కొద్ది వాట్లు తినే ఎయిర్ పంపు కలిపి, గాలి బుడగలు వదిలే దాని రాళ్లను తొట్టిలో ఒకటి, సంపులో ఒకటి వేస్తే రాత్రంతా గడుస్తుంది. కరెంటు వచ్చేదాకా మేత వేయకండి.

వేసవిలో ఆక్సిజన్ సంగతి ఇంకా గట్టిగా చూడాలి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నరే పట్టుకుంటాయి. చేపకేమో వేడిలో ఎక్కువ కావాలి. నీటి పైభాగం మీదికి ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చలికాలం దీనికి తలకిందులు. అనంతగిరి చుట్టుపక్కల రాత్రుళ్లు ఎంత చలో చెప్పక్కర్లేదు. క్లౌన్ లోచ్‌లకు 25 డిగ్రీలకు తగ్గకూడదు. లీటరుకు ఒక వాటు లెక్కన, ఒకే పెద్ద హీటరు కాకుండా 300 వాట్లవి రెండు సంపులో పెట్టండి. ఒకటి చెడిపోయి ఆగకుండా కాలినా, ఒక్కటే తొట్టినంతా ఉడకబెట్టలేదు.

ఏ నీళ్లు పోయాలి?

మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపు వేసి ఒక రోజు ఉంచితే పోతుంది, తొందరైతే దుకాణంలో దొరికే సోడియం థయోసల్ఫేటు మందు వేయాలి. బోరు నీళ్లకు ముందు పరీక్ష చేయించండి. తాగునీటికి మన ప్రమాణం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా అనుమతి. నైట్రేటుకు హద్దు 45. మనుషులు తాగగల నీళ్లయినా, మొదలే 40 నైట్రేటుంటే నీళ్లు మార్చి ఏం లాభం?

వానాకాలంలో మేడ మీది వాన నీళ్లను, మొదటి జల్లు వదిలేసి, డ్రమ్ములకు పట్టుకుంటే అంత మెత్తటి నీళ్లు డబ్బిచ్చినా దొరకవు. అయితే వాన నీళ్లు గానీ ఆర్‌వో నీళ్లు గానీ ఉట్టివే పోయకండి. నైట్రైటు, నైట్రేటు తయారుచేసే బ్యాక్టీరియా ఆ పనిలో నీటిలోని కార్బనేటును ఖర్చు చేస్తుంది. అది పూర్తిగా అయిపోతే పీహెచ్ ఒక్కసారిగా కూలి బ్యాక్టీరియా పనే ఆగిపోతుంది. బోరు నీళ్లలో ఉన్న సున్నం అక్కడ అక్కరకొస్తుంది. రెండూ కలపాలి, పాళ్లు మీ బోరును బట్టి. ఒకసారి కుదిరిన పాళ్లను మార్చకండి. వారానికి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు.

చేపలు ఎప్పుడు వేయాలి?

తొట్టి నింపిన రోజు కాదు. ఖాళీ తొట్టిలో ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిస్తే అమ్మోనియా పుట్టి బ్యాక్టీరియా పెరగడం మొదలవుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగి, నైట్రేటు కనిపించేదాకా ఆగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నడుస్తున్న తొట్టి నుంచి మురికి స్పాంజి ఒకటి తెచ్చి సంపులో పెడితే త్వరగా అవుతుంది. చల్లటి నీళ్లలో ఆలస్యమవుతుంది గనుక డిసెంబరులో కన్నా ఫిబ్రవరిలో మొదలుపెట్టడం నయం. తర్వాతైనా స్పాంజిని నల్లా కింద కడగకండి. క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, అదీ ఒక్కోసారి ఒక్క స్పాంజినే.

కొత్త చేపల్ని మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడాలి. లోచ్‌ల పొలుసులు చాలా చిన్నవి, చర్మంలో దాగి ఉంటాయి. తెల్లమచ్చల జబ్బు వీటికి ముందు సోకుతుంది, మందులూ వీటినే ముందు బాధిస్తాయి. రాగి ఉన్న మందులు వేయకండి, రంగు మందులైతే సగం మోతాదుతో మొదలుపెట్టండి. పట్టేటప్పుడు వల వాడకండి. కంటి కింద ముల్లుంటుంది, బెదిరితే అది పైకి లేచి వలలో చిక్కుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బాలోకి మెల్లగా తోలి, నీళ్లతో సహా ఎత్తాలి. క్లౌన్ లోచ్ ఒక పక్కకు వాలి పడుకుంటే చనిపోయిందని కంగారు పడకండి. అది వాటి నిద్ర.

పెద్దవైపోతే చెరువులో వదిలేయొచ్చా?

వద్దు. లక్నాపూర్ ప్రాజెక్టులోకీ, కోట్‌పల్లిలోకీ, ఏ కుంటలోకీ వద్దు. అక్వేరియాల్లో నాచు తినడానికి తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేపను ఇలాగే వదిలేశారు. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో అది పెరిగి జాలరుల వలలు చింపుతోంది. దెయ్యం చేప అని దానికి పేరు పడింది, కొనేవాళ్లు లేరు. మీ తొట్టికి మించి పెరిగిన లోచ్‌ను దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా ఇంతకన్నా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. మార్చిన పాత నీళ్లను మాత్రం నిశ్చింతగా పెరట్లో పోయొచ్చు, అందులోని నైట్రేటు టమాట చెట్లకు ఎరువు.